మార్లవాయి మట్టిలో వియన్నా పండితుడు



మన గోదావరి తెలంగాణ నేల మీద అడుగుపెట్టేది బాసర దగ్గర. పిల్లల చేత అక్షరాలు దిద్దించడానికి వచ్చే తల్లిదండ్రులతో ఆ ఊరు ఏడాది పొడవునా కళకళలాడుతుంది. అక్కడి నుండి తూర్పుగా బయలుదేరి భైంసా, నిర్మల్ మీదుగా ఉట్నూరు చేరి, ఇంకా లోపలికి అడవి దారి పడితే జైనూరు మండలంలో మార్లవాయి అనే గోండు గూడెం వస్తుంది. అక్కడ పక్కపక్కనే రెండు సమాధులు ఉన్నాయి. ఒకటి ఆస్ట్రియా దేశస్థుడిది, రెండోది ఆయన భార్యగా వచ్చిన ఆంగ్ల వనితది. ప్రతి జనవరి 11వ తేదీన గోండులు అక్కడికి చేరి వారికి నివాళి అర్పిస్తారు. తుపాకీతో అణచివేసిన తిరుగుబాటు తరువాత, ఆ తిరుగుబాటుకు కారణమేమిటో తెలుసుకోవడానికి వచ్చిన మనిషి ఆయన. పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమన్‌డార్ఫ్. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఆ కాలపు పరిస్థితిని కొంచెం అర్థం చేసుకోవాలి. నైజాం రాజ్యం పేరుకు స్వతంత్ర రాజ్యమే కాని దాని వెనుక బ్రిటిష్ వారి బలం ఉండేది. 1798లో కుదిరిన సైన్య సహకార ఒప్పందం నాటి నుండి హైదరాబాదులో ఆంగ్ల సైన్యం ఉండేది, దాని ఖర్చు నిజాం భరించేవాడు. 1857 తిరుగుబాటు తరువాత మన నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు, రోహిల్లాలతో కలిసి ఆయుధం పట్టినప్పుడు ఆయనను అణచివేసింది కూడా ఆ కూటమే. 1860లో ఆయనను నిర్మల్‌లో ఉరితీశారు. ఆయనతోపాటు వెయ్యిమందిని ఒకే మర్రిచెట్టుకు వేలాడదీశారని జనం చెప్పుకుంటారు. అందుకే దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరు.

ఉరితీసిన తరువాత ప్రాంతం సద్దుమణిగింది. అధికారులు తమ పని పూర్తయిందనుకున్నారు. అయితే ఎనభై ఏళ్లు తిరిగేసరికి అదే గోండు జాతి, అదే ఆదిలాబాద్ అడవిలో, మళ్లీ ఎదురుతిరిగింది. ఎందుకు?

దీనికి జవాబు భూమిలో ఉంది. గోండులు ఒక చేనును కొన్నేళ్లు దున్ని, తరువాత కొన్నేళ్లు బీడుగా వదిలి, నేల సారం తిరిగి వచ్చాక మళ్లీ దున్నేవారు. సర్వే చేసే అధికారి కంటికి ఆ బీడు ఎవరిదీ కాని భూమిగా కనిపించేది. గోండు చేతిలో పట్టా ఉండేది కాదు, ఎందుకంటే తాత ముత్తాతల నుండి దున్నుతున్న నేలకు కాగితం కావాలని ఎవరూ అతనికి చెప్పలేదు. కాజీపేట నుండి బల్లార్షా వరకు రైలు మార్గం పడ్డాక ఈ అడవి భూముల మీద బయటివారి కన్ను పడింది. కాగితం తెలిసినవాడు దరఖాస్తు పెట్టి పట్టా తెచ్చుకున్నాడు. మరోవైపు అటవీశాఖ రిజర్వు ఫారెస్టు హద్దులు గీసుకుంటూ పోయింది. ఆ గీత లోపల పడిన గూడేలను ఖాళీ చేయమన్నారు. పశువులు మేస్తే పన్ను, కలప కొడితే పన్ను, వీటికి తోడు కింది ఉద్యోగుల మామూళ్లు.

ఈ బాధల మధ్య నుండి లేచినవాడు కుమ్రం భీం. ఆయన గురించి మీ పిల్లలు బడిలో చదువుకుంటున్నారు కనుక క్లుప్తంగా చెబుతాను. జోడేఘాట్, బాబేఝరి మొదలైన పన్నెండు గూడేల గోండులను, కోలాములను ఆయన కూడగట్టాడు. నీరు, అడవి, నేల తమవేనన్నాడు. ప్రభుత్వంతో మాటలు జరిగాయనీ, పట్టాలు ఇస్తామన్నా తమను తాము పాలించుకునే హక్కు కూడా కావాలని భీం పట్టుబట్టాడనీ చెబుతారు. చివరకు 1940లో సాయుధ పోలీసులు కొండ ఎక్కి కాల్పులు జరిపారు. భీం, ఆయన వెంట ఉన్న మరికొందరు చనిపోయారు. ప్రతి సంవత్సరం ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో ఆయన వర్ధంతి జరుపుకుంటారు.

ఇక్కడ హైమన్‌డార్ఫ్ కథ మొదలవుతుంది.

ఆయన 1909లో వియన్నా నగరంలో పాతకాలపు ప్రభు వంశంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి పట్టా పొందాడు, తరువాత లండన్‌లో మరికొంత చదివాడు. 1936లో ఈశాన్య భారతంలోని నాగా కొండలకు వచ్చాడు. అక్కడ జరిగిన ఒక సంగతి గమనించదగినది. ఆ ఏడాది పాంగ్షా అనే నాగా గ్రామాన్ని శిక్షించడానికి మిల్స్ అనే ఆంగ్ల అధికారి సాయుధ దళంతో వెళ్లాడు. హైమన్‌డార్ఫ్ ఆ దళం వెంట నడిచాడు. ఆ గ్రామాన్ని కాల్చివేశారు. అంటే శిక్షాయాత్ర అన్నది ఎలా ఉంటుందో ఆయన పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, ఇరవై ఏడేళ్ల వయసులో కళ్లారా చూశాడు.

1938లో ఎలిజబెత్ బర్నార్డో అనే ఆంగ్ల యువతిని ఆయన వివాహమాడాడు. అందరూ ఆమెను బెట్టీ అని పిలిచేవారు. అదే సంవత్సరం హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేశాడు. దానితో హైమన్‌డార్ఫ్ చేతిలో జర్మన్ పాస్‌పోర్టు మిగిలింది. 1939లో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన భారతదేశంలో ఉన్నాడు. బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. పరిచయస్థుల చొరవతో ఆయనకు శిబిరంలో నిర్బంధం తప్పింది. దానికి బదులుగా హైదరాబాదు సంస్థానం ఎల్లలు దాటకూడదని ఆంక్ష విధించారు.

ఆ ఆంక్ష మన ప్రాంతానికి మేలు చేసింది. కదలడానికి వీలులేని ఆ రాజ్యంలోనే ఆయన పని వెతుక్కున్నాడు. 1940లో నల్లమల చెంచుల మధ్య, ఆ తరువాత గోదావరి కొండల్లోని కొండరెడ్ల మధ్య, అటుపిమ్మట ఆదిలాబాద్ గోండుల మధ్య భార్యతో కలిసి నివసించాడు. మార్లవాయిలో గోండుల ఇళ్ల వంటి ఇంట్లోనే ఉన్నారు. గోండి భాష నేర్చుకున్నారు. పండుగలకు వెళ్లారు, చావు ఇంటికి వెళ్లారు. జోడేఘాట్ కాల్పులతో కలవరపడిన ప్రభుత్వం, ఈ జనం ఎందుకు తిరగబడ్డారో చెప్పమని ఆయనను అడిగింది.

ఒక్క క్షణం ఇక్కడ ఆగి ఆలోచించండి. అడిగినది ఎవరు? కాల్పులు జరిపించిన ప్రభుత్వమే. ఆ రోజుల్లో నిజాం కార్యనిర్వాహక మండలిలో గ్రిగ్సన్ అనే ఆంగ్ల అధికారి ఉండేవాడు. ఆయన బస్తర్ మాడియా గోండుల మీద పుస్తకం రాసినవాడు. రెవెన్యూ శాఖ, పోలీసు శాఖ రెండూ ఆయన చేతి కిందే ఉండేవి. పట్టా ఇచ్చే కలమూ, పోలీసులను పంపే అధికారమూ ఒకే బల్ల మీద ఉన్నాయన్నమాట. తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వాలు వేసే ప్రతి పథకంలోనూ ఈ రెండు పాళ్లూ ఉంటాయి. వాటిలో ఏది ముందు నడుస్తుందన్నదే అసలు ప్రశ్న.

హైమన్‌డార్ఫ్ ఇచ్చిన జవాబు సూటిగా ఉంది. గోండులు తిరగబడే స్వభావం గలవారు కారు, వారి భూమి పోయింది, అది తిరిగి ఇవ్వాలి. కాని అంతటితో ఆగితే ఆయన నివేదిక కూడా బీరువాలో పడి ఉండేది. ఆయన పని జరిపించే మార్గాలు కూడా చెప్పాడు. ఆదివాసులకు ప్రత్యేకంగా లావణి పట్టాలు ఇవ్వాలన్నాడు. దరఖాస్తు రాయడం రానివాని దగ్గరకు అధికారే నడిచి వెళ్లాలన్నాడు. తప్పుగా గీసిన అటవీ హద్దులను సరిచేయాలన్నాడు. ప్రభుత్వం చాలామటుకు ఒప్పుకుంది. 1940లలో ఆదిలాబాద్ జిల్లా ఆదివాసులకు లక్ష ఎకరాలకు పైగా భూమి పట్టాలతో దక్కింది.

రెండవది చదువు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసి, గోండి భాషలోనే వాచకాలు రాయించి, నాగరి లిపిలో అచ్చువేయించారు. కాగితం చదవలేని కారణంగా భూమి పోగొట్టుకున్న జాతికి ముందుగా కాగితం చదవడం నేర్పాలన్నది ఆలోచన. మన బాసరలో పలక మీద అక్షరం దిద్దించే తల్లిదండ్రులకు దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మూడవది కేస్లాపూర్ దర్బారు. పుష్య అమావాస్యకు మెస్రం వంశస్థులు జరిపే నాగోబా జాతరకు వేలాది గోండులు వస్తారు. కచేరీకి జనం రావడం కాకుండా, జాతరలో జనం ఉన్నచోటికే అధికారులు వెళ్లి కూర్చుని వారి మొర వినే ఏర్పాటు ఆయన ప్రోత్సాహంతోనే మొదలయింది. ఆ దర్బారు నేటికీ నడుస్తున్నది.

ఇదే కాలంలో ఇతర చోట్ల ఏం జరిగిందో పోల్చి చూడండి. 1950లో మలయాలో బ్రిటిష్ వారు బ్రిగ్స్ పథకం అనే పేరుతో దాదాపు ఐదు లక్షల మందిని వారి నివాసాల నుండి లేపి, ముళ్లకంచెల మధ్య కొత్త ఊళ్లలో పెట్టారు. తిరుగుబాటుదారులకు తిండి అందకుండా చేయడం దాని ఉద్దేశం. సరిగ్గా ఆ రోజుల్లోనే, తెలంగాణ సాయుధ పోరాటాన్ని అణచడానికి వరంగల్లు అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. అక్కడ మనిషిని నేల నుండి వేరుచేశారు. మార్లవాయి పథకంలో నేలను మనిషికి తిరిగి అప్పగించారు. రెండూ తిరుగుబాటుకు విరుగుడుగా ఆలోచించినవే. కాని మొదటి దానిలో మనిషి ఒక అడ్డంకి, రెండవ దానిలో అతడు హక్కుదారుడు.

1945లో నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను ఆదివాసులు, వెనుకబడిన తరగతుల వ్యవహారాల సలహాదారుగా నియమించింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఆయన బోధించాడు. ఆదివాసీ ప్రాంతాల రక్షణకు 1946లో, మళ్లీ 1949లో నిబంధనలు వెలువడ్డాయి. ఆ తరువాత ఆయన లండన్ వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. నేపాల్ షేర్పాల మధ్య పనిచేశాడు. ఎన్నో గ్రంథాలు రాశాడు. బెట్టీ గారు భర్త వెంట ప్రతి కొండా ఎక్కారు, దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథాలన్నిటికీ పెద్ద సూచిక తయారుచేశారు.

ఇంతవరకు చదివి కథ సుఖాంతమయిందని అనుకోకండి. 1970లలో ఆ దంపతులు మళ్లీ ఆదిలాబాద్ వచ్చారు. ఆనాడు తాము దగ్గరుండి ఇప్పించిన భూములలో చాలాభాగం పరుల చేతిలో కనిపించింది. రోడ్లు పడ్డాయి, పత్తి వచ్చింది, బయటి నుండి రైతులు, వ్యాపారులు వచ్చారు. అప్పు కింద కొంత, కౌలు పేరుతో కొంత, బెదిరింపుతో కొంత చేతులు మారింది. 1970లో వచ్చిన ఒకటీ బై డెబ్బయి చట్టం కాగితం మీద గట్టిదే. దానిని కాపాడవలసిన చేతులు మాత్రం సడలిపోయాయి. తాను చూసినదంతా హైమన్‌డార్ఫ్ 1982లో వెలువరించిన గ్రంథంలో దాచకుండా రాశాడు. ఈలోగా 1981 ఏప్రిల్ 20న, నాగోబా జాతర జరిగే కేస్లాపూర్‌కు దగ్గరలోనే, ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం 13 మంది చనిపోయారు. అంతకంటే చాలా ఎక్కువమంది అని జనం అంటారు. ఈసారి నిజాం లేడు, ఆంగ్లేయుడు లేడు. భూమి సమస్య మాత్రం అలాగే ఉంది.

కొందరు ఆయనను తప్పుపడతారు. పాలకుల కొలువులో చేరి, వారికి కావలసిన శాంతిని సంపాదించిపెట్టాడని అంటారు. ఆ మాటను తేలికగా కొట్టివేయలేము. ప్రభుత్వం ఆయనను పిలిచింది గోండుల మీద ప్రేమతో కాదు, మరొక జోడేఘాట్ వస్తుందన్న భయంతో. అయితే ఒక పనిని తూచేటప్పుడు చేయించినవాని ఉద్దేశంతోపాటు, చేసినవాడు ఎవరి పక్షాన నిలబడ్డాడో కూడా చూడాలి. ప్రభుత్వానికి కావలసింది నిశ్శబ్దం. ఆయన అడిగింది న్యాయం. నిశ్శబ్దం ఒక్క రోజు కాల్పులతో వస్తుంది. న్యాయానికి సర్వే గొలుసు, పట్టా కాగితం, బడి, దర్బారు కావాలి, వాటిని ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి. ఆ మనుషులు లేనినాడు ఏమయిందో ఇంద్రవెల్లి చెప్పింది.

1987 జనవరి 11న బెట్టీ గారు హైదరాబాదులో కన్నుమూశారు. ఆమెను మార్లవాయికి తెచ్చి గోండుల మధ్య సమాధి చేశారు. 1995లో ఆయన లండన్‌లో మరణించాడు. 2012లో ఆయన చితాభస్మాన్ని తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. శత్రుదేశస్థుడని ఎల్లలు గీసి ఆపిన నేలలోనే ఆయన శాశ్వతంగా ఉండిపోయాడు.

ప్రియ కుటుంబ సభ్యులారా, సెలవుల్లో పిల్లలను తీసుకుని అటువైపు వెళ్లగలిగితే ఒక్క మాట గుర్తుంచుకోండి. ముందు జోడేఘాట్ వెళ్లండి, తరువాతనే మార్లవాయి వెళ్లండి. భీం ప్రాణం ఇవ్వకపోతే హైమన్‌డార్ఫ్‌ను అడిగేవారే ఉండేవారు కాదు. ఆ వరుస పిల్లలకు చెప్పండి. దారిలో ఏ గూడెంలోనైనా ఒక గోండు రైతు తన పట్టా కాగితం తెచ్చి చూపిస్తే, ఓపికగా చదివి, అందులో ఏమి రాసి ఉందో ఉన్నది ఉన్నట్టు అతనికి చెప్పండి.