మూడు కుక్కల పేర్లు చెక్కిన ఫలకం

కెనడా తూర్పు అంచున, అట్లాంటిక్ మహాసముద్రంలో న్యూఫౌండ్‌లాండ్ అనే పెద్ద దీవి ఉంది. దాని ఉత్తరపు కొసన సెయింట్ ఆంథొనీ అనే చిన్న రేవు పట్నంలో, కొండవాలున ఒక చెక్క ఇల్లుంది. డాక్టర్ విల్‌ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ 1909లో పెళ్లయ్యాక భార్యతో కాపురముండడానికి కట్టుకున్న ఇల్లది. ఇప్పుడది మ్యూజియం. దాన్ని చూడవచ్చేవారికి ఆయన కథ చెప్పేటప్పుడు మూడు కుక్కల కథ కూడా చెప్పక తప్పదు.

గ్రెన్‌ఫెల్ 1865లో ఇంగ్లండులో పుట్టాడు. లండన్‌లో వైద్యం చదువుతున్న రోజుల్లో ఒక రాత్రి రోగిని చూసి తిరిగి వస్తూ, దారిలో కనిపించిన పెద్ద గుడారంలోకి కుతూహలంగా తొంగిచూశాడు. అక్కడెవరో సుదీర్ఘంగా ప్రార్థన చేస్తుంటే విసుగొచ్చి వెళ్లిపోబోయాడు. అంతలో వేదిక మీదున్న వ్యక్తి లేచి, ఆ సోదరుడు ప్రార్థన ముగించేలోగా మనమొక పాట పాడుకుందామని ప్రకటించాడు. ఆ చొరవ యువకుడికి నచ్చి ఆగిపోయాడు. ఆ వ్యక్తి ప్రఖ్యాత సువార్తికుడు డి.ఎల్.మూడీ. ఆ రాత్రి గ్రెన్‌ఫెల్ ఒక నిర్ణయంతో బయటికొచ్చాడు. క్రీస్తును అనుసరించడమంటే ఆయన చేసినట్టు చేయడమే, లేదంటే ఆ పేరు వదిలేయడమే మర్యాద అనుకున్నాడు.

సముద్రం మీద చేపలు పట్టుకుని బతికేవారికి వైద్యం చేసే మిషన్‌లో ఆయన చేరాడు. 1892లో న్యూఫౌండ్‌లాండ్ చేరేసరికి రాజధాని సెయింట్ జాన్స్ అగ్నిప్రమాదంలో కాలిపోయి ఇంకా పొగలు కక్కుతోంది. అక్కడి నుండి ఉత్తరానికి లాబ్రడార్ తీరానికి వెళ్లాడు. వేలాది జాలరులున్న ఆ తీరంలో స్థిరంగా ఉండే డాక్టరే లేడు. ఆ ఒక్క వేసవిలోనే దాదాపు 900 మంది రోగులను చూశాడు. మరుసటి ఏడాదే బ్యాటిల్ హార్బర్‌లో ఆసుపత్రి తెరిచాడు.

మందులివ్వగానే ఆయన పని పూర్తికాలేదు. వర్తకులు జాలరులకు సరుకులు అప్పుగా ఇచ్చి, పట్టిన చేపలను తాము చెప్పిన ధరకే తీసుకునేవారు. జీవితమంతా కష్టపడినా జాలరి చేతికి డబ్బన్నదే తగిలేది కాదు. ఆకలితో వచ్చిన జబ్బుకు మందు సీసాలో దొరకదని ఆయనకు అర్థమైంది. 1896లో రెడ్ బే అనే ఊళ్లో సహకార దుకాణం పెట్టించాడు. దాంతో వర్తకులకు కంటగింపయ్యాడు. అయినా తగ్గలేదు. అనాథలకు ఆశ్రమం, పిల్లలకు బడి, స్త్రీలకు చేతిపనులు, ఇలా ఒక్కొక్కటీ లేపాడు.

1908 ఈస్టర్ ఆదివారం ఆరాధన ముగిసిన వెంటనే కబురొచ్చింది. దక్షిణాన 60 మైళ్ల దూరంలో, రెండు వారాల కిందట తాను తొడకు ఆపరేషన్ చేసిన అబ్బాయి ప్రాణాపాయంలో ఉన్నాడు. కుక్కలు లాగే మంచుబండి మీద బయల్దేరాడు. దారి కలిసొస్తుందని గడ్డకట్టిన అఖాతం మీదుగా వెళ్తుంటే గాలి మళ్లి మంచు విడిపోయింది. బండితోపాటు కోటు, చేతొడుగులు, తిండి అన్నీ మునిగిపోయాయి. ఎలాగో పగ్గాలు కోసి కుక్కలను విడిపించి, వాటితో కలిసి ఒక చిన్న మంచుపలక మీదికి పాకాడు. అది నడిసముద్రం వైపు కొట్టుకుపోతోంది. తడిసిన బట్టలతో రాత్రి గడిస్తే చావు ఖాయం. ఎంతో ప్రేమగా పెంచుకున్న కుక్కల్లో మూడింటిని ఆయన తన చేతులతోనే చంపాల్సివచ్చింది. వాటి తోళ్లు కప్పుకుని ఆ రాత్రి బతికాడు. తెల్లారాక గడ్డకట్టిన వాటి కాళ్లను కలిపి కర్రలా కట్టి, చొక్కాను జెండాగా ఊపాడు. తీరం నుండి జాలరులు ప్రాణాలకు తెగించి మంచుగడ్డల మధ్య పడవ నడిపి ఆయన్ను కాపాడారు. ఎవరికోసం బయల్దేరాడో ఆ అబ్బాయిని ఒకటి రెండు రోజుల తర్వాత పడవలో ఆసుపత్రికే తెచ్చారు. వాడూ బతికాడు.

ఆ కుక్కల పేర్లు మూడీ, వాచ్, స్పై. ఆయన వాటి పేర్లు కంచు ఫలకం మీద చెక్కించి తన ఇంటి నడవలో పెట్టించాడు. 1908 ఏప్రిల్ 21న మంచు మీద అవి తనకోసం ప్రాణాలిచ్చాయన్నది దానిలోని సారాంశం. 1927లో సర్ బిరుదు పొందినా, ప్రపంచమంతా మెచ్చుకున్నా ఆ ఋణం ఆయన మరవలేదు. 1940లో 75 ఏళ్ల వయసులో కన్నుమూశాక ఆయన చితాభస్మాన్ని ఆ ఇంటి వెనక కొండమీది బండలోనే ఉంచారు.

ఏదెను తోటలో సిగ్గుతో దాక్కున్న ఆదాము హవ్వలకు దేవుడు చర్మపు చొక్కాలు తొడిగాడని ఆదికాండము మూడో అధ్యాయంలో చదువుతాం. చర్మం కావాలంటే ఒక ప్రాణం పోవాలి. మనిషి సిగ్గు కప్పడానికి మరొక ప్రాణం పోయిందన్నమాట. అయితే ఒక తేడా ఉంది. ఆ కుక్కలు ఇష్టపడి చావలేదు, యజమాని కత్తికి లోబడ్డాయి. ఈస్టర్ ముందు శుక్రవారం సిలువ మీద యేసుక్రీస్తు ఇచ్చిన ప్రాణం ఎవరూ లాక్కున్నది కాదు. ఆయనే ఇష్టపూర్వకంగా పెట్టాడు. యజమానే సేవకుల కోసం చనిపోయాడు.

మూగజీవాల ఋణానికే గ్రెన్‌ఫెల్ ఇంట్లో ఫలకం పెట్టాడు. ఆ ఫలకాన్ని రోజూ దాటుకుంటూ రోగుల దగ్గరికి వెళ్లాడు. మన గోడల మీదా సిలువ వేలాడుతోంది. దాన్ని దాటుకుని మనమెక్కడికి వెళ్తున్నాం?