సయ్యద్ అబ్దుల్ రహీమ్

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. తొలుత ఉపాధ్యాయుడు. 1950 నుండి మరణించేవరకు భారత జట్టుకు శిక్షణ ఇచ్చాడు. 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాల్గవ స్థానం ఈయన కాలంలోనివే.

క్రమశిక్షణలో ఈయన కఠినుడు. అయినా ఆటగాళ్ళను కదిలించినది గద్దింపు కంటే ఆదరణే అని చెప్పాలి. సికింద్రాబాదు యువకుడు తులసీదాస్ బలరాంకు సాధనకు వచ్చేందుకు సైకిలు అద్దె తానే ఇచ్చేవాడు.

1962లో జకార్తాలో భారత్ తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడిపోయింది. ఒక దౌత్య వివాదం కారణంగా స్థానిక ప్రేక్షకులు కూడా భారత జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. తుదిపోటీలో మళ్ళీ అదే కొరియా ఎదురైంది. అప్పటికే క్యాన్సర్ పీడితుడైన రహీమ్ ముందురోజు రాత్రి ఆటగాళ్ళను మందలించలేదు. స్వర్ణ పతకాన్ని తనకు కానుకగా ఇమ్మని అర్థించాడు. తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించడం ఈయన సాహసమే. సెప్టెంబరు 4న పి.కె.బెనర్జీ, జర్నైల్ చెరొక గోల్ చేయగా భారత్ 2-1తో గెలిచింది.

తొమ్మిది నెలల తరువాత రహీమ్ మరణించాడు.