లెక్కకెక్కని ఆటగాడు

నిరుడు ఒక సదస్సు కోసం అమెరికాలోని పిట్స్‌బర్గ్ వెళ్లాను. మన తెలుగువారికి ఆ ఊరు పెన్‌హిల్స్ వేంకటేశ్వరాలయం వల్ల తెలుసు. నన్ను మాత్రం ఒక దుకాణం అద్దాల వెనక వేలాడుతున్న ఉన్ని జాకెట్ ఆపేసింది. పాతకాలపు కుట్టు, ఛాతీ మీద హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే నల్లజాతి బేస్‌బాల్ జట్టు పేరు. ధర మా పరిశోధక విద్యార్థికి నెలకు వచ్చే ఫెలోషిప్‌కు మూడు రెట్లు. ఆ జట్టుకు పేరు తెచ్చిన జోష్ గిబ్సన్ అదే నగరంలో ఇరవై ఎనిమిదేళ్లు గుర్తురాయి లేని సమాధిలో ఉన్నారు.

గిబ్సన్ 1911లో జార్జియా రాష్ట్రంలోని బ్యూనా విస్టాలో పుట్టారు. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనికి రావడంతో కుటుంబం పిట్స్‌బర్గ్ చేరింది. గ్రేస్ జట్టు కూడా ఉక్కు కార్మికుల మధ్యే పుట్టింది. 1930లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఆయన అందులో చేరారు. ఆ ఏడాదే కవలలకు జన్మనిస్తూ భార్య హెలెన్ మరణించింది.

ఆయన క్యాచర్, క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటి స్థానం. బ్యాటు పడితే బంతి ఎంత దూరం పోయేదో చెప్పే కథలకు అంతులేదు. వాటిలో కొన్నింటిని నేనూ నమ్మను. అయినా శ్వేతజాతి మేజర్ లీగ్ ఆయన్ను ఒక్కరోజూ ఆడనివ్వలేదు. నల్లవారిని తీసుకోకూడదని ఏ నిబంధనావళిలోనూ లేదు. అలాంటి నియమమే లేదని 1942లో కమిషనర్ లాండిస్ ప్రకటించారు కూడా. మన ఊళ్ల టీకొట్లలో దళితులకు వేరే గ్లాసు అని ఎవరైనా బోర్డు రాశారా? వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో, శ్వేతజాతి జట్టు పొరుగూళ్లకు వెళ్లిన రోజుల్లో గ్రేస్ జట్టు అద్దె కట్టి ఆడేది. యజమానికి నల్లవారి డబ్బు పనికొచ్చింది, నల్ల ఆటగాడు పనికిరాలేదు. హోటళ్లు గది ఇవ్వని ఊళ్లలో ఆటగాళ్లు బస్సులోనే నిద్రపోయి మరునాడు మైదానంలో దిగేవారు.

గిబ్సన్ గొప్పవారంటే రికార్డులేవని దశాబ్దాలపాటు అడిగారు. రికార్డులు సరిగా లేకపోవడానికి కారణం ఆ వెలివేతే. శ్వేతజాతి పత్రికలు ఆ స్కోర్లను చాలావరకు పట్టించుకోలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, చికాగో డిఫెండర్ వంటి నల్లజాతి పత్రికల పాత సంచికల్లోంచి పరిశోధకులు వాటిని ఏళ్ల తరబడి ఏరి కూర్చారు. 2024 మేలో మేజర్ లీగ్ ఆ అంకెలను తన రికార్డుల్లో కలిపింది. గిబ్సన్ జీవితకాల బ్యాటింగ్ సగటు 0.372గా తేలింది. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న శ్వేతజాతీయుడు టై కాబ్ సగటు 0.367. ఎంపిక సంఘాల్లో, ఎవరూ అవకాశమివ్వని అభ్యర్థిని అనుభవ పత్రం చూపమనడం నేను విన్నాను. ఒకటి రెండుసార్లు నేనూ అడిగాను.

1943 జనవరిలో ఆయన స్పృహ తప్పారు. మెదడులో కణితి ఉందని వైద్యులు చెప్పినా శస్త్రచికిత్సకు ఒప్పుకోలేదు. విపరీతమైన తలనొప్పులు, తాగుడు. ఆ ఏడాది ఆయన సగటు 0.466! 1947 జనవరి 20న, 35వ ఏట కన్నుమూశారు. మూడు నెలలైనా తిరక్కముందే, ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్ బ్రూక్లిన్ జట్టు తరఫున మేజర్ లీగ్ మైదానంలో అడుగుపెట్టారు. గిబ్సన్ గుండె పగిలి పోయారని కొందరు రాస్తారు. నాకది నచ్చదు. ఆయన్ను చంపింది జబ్బు; అవమానం చేసిన పని వేరు, అది బతికుండగానే జరిగింది.

రాబిన్‌సన్ తర్వాత తలుపు తెరుచుకుంది గానీ, పెద్ద జట్లు నల్లజాతి జట్ల ఆటగాళ్లను తీసుకుపోతూ వాటి యజమానులకు చాలాసార్లు పైసా ఇవ్వలేదు. కొన్నేళ్లలోనే ఆ లీగులు కూలిపోయాయి. 1972లో గిబ్సన్ పేరు బేస్‌బాల్ కీర్తిమందిరంలో చేరింది. అలెగెనీ శ్మశానవాటికలోని ఆయన సమాధిపై రాయి మాత్రం 1975లో గానీ పడలేదు.