గిడుగును సగమే గుర్తుంచుకున్నాం

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవ సభల్లో గిడుగు వెంకట రామమూర్తి చిత్రపటానికి పూలమాల వేస్తాం. వ్యావహారిక భాషోద్యమాన్ని కీర్తిస్తాం. సవర ఆదివాసుల చదువు కోసం ఆయన దశాబ్దాల పాటు చేసిన కృషిని మాత్రం ఒక్క వాక్యంతో దాటేస్తాం. నేను ఆ వాక్యం దగ్గరే ఆగదలచుకున్నాను.

1863లో శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో, బ్రాహ్మణ కుటుంబంలో గిడుగు జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ పూర్తిచేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులయ్యారు. ఆ పట్టణాన్ని ఆనుకొని ఉన్న తూర్పు కనుమల్లో సవరల ఊళ్లు. వారిది ముండా కుటుంబానికి చెందిన భాష; తెలుగుతో దానికి చుట్టరికం లేదు. విద్య అగ్రవర్ణాల సొత్తుగా ఉన్న ఆ కాలంలో, తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంటిలోనే ఉంచుకొని గిడుగు ఆ భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు తెరిచి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. ఆయన రచించిన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరడాన్ని అంగీకరించలేక రాజమండ్రికి తరలివెళ్లారు. 1940లో కన్నుమూశారు.

ఆయన చేసిన రెండు పోరాటాలూ నిజానికి ఒక్కటే. ఎవరి భాష బడిలోకి వస్తుందో, బడి వారిదవుతుంది. గ్రాంథికం శూద్ర, దళిత బాలలకు అడ్డుగోడ అయినట్లే, మనం గెలిపించుకున్న వ్యావహారిక తెలుగు కొండబిడ్డకు మరో అడ్డుగోడ అయింది. ఆ ప్రమాదాన్ని గిడుగు గుర్తించారు. ఆయన వారసులమని చెప్పుకొనే మనం గుర్తించలేదు.

ఆయన కృషికీ ఒక పరిమితి ఉంది. ఆ వ్యాకరణం, నిఘంటువు ఇంగ్లీషులో వెలువడ్డాయి. అధికారులకూ పండితులకూ అందినంతగా సవరలకు అందలేదు. ఆ 1936లోనే సవర సమాజానికి చెందిన మంగెయి గొమాంగో తమ భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే లిపిని రూపొందించారు. ఎంతటి ఉదారుడైనా బయటివాడు తలుపు తీయగలడే గాని, లోపలి ఇల్లు కట్టుకోవలసింది ఆ ఇంటివారే.

అదే కనుమల్లో దక్షిణాన ఉన్న అరకు లోయలో ఈనాటికీ ఇదే ప్రశ్న. అక్కడి ఇళ్లలో కువి, గదబ, పోర్జ, ఆదివాసీ ఒడియా వినిపిస్తాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇవ్వాలంటూ 2000లో వచ్చిన జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగబద్ధమా అన్న చర్చలో, పిల్లవాడి మాట అర్థమయ్యే గురువు ఎక్కడి నుంచి వస్తాడన్న ప్రశ్న మరుగునపడింది.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. అందుచేత ఆ ఊరి భాష తెలిసి ఉండడాన్ని ఏజెన్సీ ఉపాధ్యాయ నియామకాల్లో తప్పనిసరి అర్హతగా చేయాలని నేను కోరుతున్నాను. ఆ పని చేసిననాడే గిడుగు పటానికి మనం వేసే మాలకు అర్థం ఉంటుంది.