ప్రశ్నకు దారి చూపిన మహాశయుడు – పాల్ ఓట్లే

గ్రంథాలయమునకు వచ్చు పాఠకుడు పెక్కుసారులు ఒక ప్రశ్నతో వచ్చును. వరికి సోకిన తెగులునకు మందేమి, ఫలానా చట్టము ఏ సంవత్సరమున వచ్చినది, ఫలానా కవి ఏ కాలమువాడు అని ఆతని సందేహము. సమాధానము ఏదో గ్రంథమున, ఏదో పుటయందు ఉండనే ఉండును. కాని ఆ పుటను చూపువారెవరు? ఈ ఒక్క చింతతోనే సుమారు 50 సంవత్సరములు గడపిన మహాశయుడు బెల్జియం దేశీయుడగు పాల్ ఓట్లే.

ఓట్లే 1868వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన బ్రస్సెల్స్ నగరమున సంపన్న కుటుంబమునందు జన్మించెను. తండ్రి దేశదేశములందు ట్రాము వ్యాపారము చేసి ధనమార్జించినవాడు. ఓట్లే మూడేండ్ల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. పాఠశాలలు బాలుర బుద్ధిని అణచివేయునని తండ్రి యభిప్రాయము. అందుచే 11వ యేటి వరకు బాలుడు ఇంటనే గురువులకడ చదివెను. తోడి బాలురు కొఱవడిన ఆ యింట పుస్తకములే ఆతనికి చెలికాండ్రైనవి. 1890లో న్యాయశాస్త్రమున పట్టము పొంది న్యాయవాదియయ్యెను గాని, ఆ వృత్తియందు ఆయన మనసు నిలువలేదు.

ఆ దినములలో ఆన్రీ లా ఫొంతేన్ అను న్యాయవాదితో ఆయనకు మైత్రి కలిగెను. లా ఫొంతేన్ లోకశాంతికై పాటుపడి, 1913లో నోబెలు శాంతి బహుమానము నందినవాడు. ఈ మిత్రులిరువురును 1895లో బ్రస్సెల్సునందు అంతర్జాతీయ గ్రంథసూచీ సంస్థను స్థాపించిరి. లోకమున ముద్రితమైన సమస్త గ్రంథములకును, వ్యాసములకును ఒకే సూచిక ఉండవలెనని వారి సంకల్పము. 5 అంగుళముల పొడవు, 3 అంగుళముల వెడల్పు గల కార్డులపై వివరములు వ్రాసి, చిన్న చిన్న సొరుగులలో అమర్చిరి. ఆ సంవత్సరాంతమునకే 4 లక్షల కార్డులు సిద్ధమైనవి. తరువాతి కాలమున ఆ సంఖ్య 1 కోటి 20 లక్షలను మించెను.

కార్డులు పెరిగిన కొలది వానిని వెదకుట కష్టము గదా! అందులకై వారు అమెరికా దేశీయుడగు మెల్విల్ డ్యూయీ దశాంశ వర్గీకరణమును గైకొని, ఆయన యనుమతితో దానిని విస్తరింపజేసిరి. సార్వత్రిక దశాంశ వర్గీకరణమను పేర అది 1905 ప్రాంతమున వెలువడెను. అందలి విశేషము అంకెల నడుమనుంచు గుర్తులయందున్నది. గణాంకములకు 31, వ్యవసాయమునకు 63 అనునవి సంకేతములు. రెంటి నడుమ రెండు చుక్కలుంచి 31:63 అని వ్రాసినచో వ్యవసాయ గణాంకములని యర్థము. ఒక విషయమునకు వేరొక విషయముతో గల సంబంధమును సైతము ఈ విధముగా కార్డుపై వ్రాయుటకు వీలు గలిగెను.

ఓట్లే యింకొక యడుగు ముందుకు వేసెను. గ్రంథమును మొత్తముగా గాక, అందలి ఒక్కొక్క విషయమును వేరుగా దీసి, అది యెచట లభించినదో పేర్కొని, కార్డుపై నిలుపవలెనని ఆయన బోధించెను. దేశదేశముల ప్రజలు ఉత్తరము ద్వారమున ప్రశ్న పంపినచో, సంస్థలోని ఉద్యోగులు సొరుగులు వెదకి, తగిన కార్డులకు నకళ్లు వ్రాసి పంపుచుండిరి. 1912 నాటికి ఏటేట 1,500కు మించిన ప్రశ్నలు వచ్చుచుండెను.

1914లో యుద్ధము వచ్చెను. ఓట్లే చిన్న కుమారుడు జాన్ ఆ యుద్ధమున మరణించెను. పుత్రశోకము ననుభవించుచునే ఆయన దేశములన్నియు ఏకము కావలెనని గ్రంథములు వ్రాసెను. విజ్ఞానము అందరిదైనచో జనుల నడుమ వైరము తగ్గునని ఆయన దృఢవిశ్వాసము. 1920లో బ్రస్సెల్సులోని ప్రభుత్వ భవనమున ఆయన సంగ్రహమునకు చోటు లభించెను. పిమ్మట దానికి ముండానియం అను పేరు వచ్చెను. కాని పాలకుల ఆదరము చిరకాలము నిలువలేదు. 1924లో ఒక వాణిజ్య ప్రదర్శనము కొఱకు సంగ్రహమును తొలగింపవలసివచ్చెను. 1934లో ప్రభుత్వము తలుపులు మూయించెను. వృద్ధుడైన ఓట్లే మూసిన తలుపుల యెదుట మిత్రులతో కూర్చుండి తన నిరసనను తెలిపెను.

ఆ 1934లోనే ఆయన వ్రాసిన బృహద్గ్రంథము వెలువడెను. పాఠకుడు తన బల్లయొద్ద కూర్చుండి, దూరమున నున్న గ్రంథములోని పుటను టెలిఫోను ద్వారమున రప్పించుకొని తెరపై చదువు కాలము రాగలదని అందు ఊహించెను. అప్పటికి నేటి కంప్యూటరు పుట్టియుండలేదు.

1940లో జర్మను సైన్యము బ్రస్సెల్సును ఆక్రమించెను. జర్మనీ చిత్రకళా ప్రదర్శనము కొఱకు ముండానియం భవనమును ఖాళీ చేయించిరి; సంగ్రహమున కొంత భాగము నాశమయ్యెను. మిగిలినదానిని ఓట్లే ఒక పాత భవనమునకు తరలించెను. 1943లో లా ఫొంతేన్ గతించెను. 1944 డిసెంబరు 10వ తేదీన ఓట్లేయు కన్నుమూసెను. 1968లో ఆస్ట్రేలియా పండితుడు బాయిడ్ రేవార్డ్ వచ్చి చూచునప్పటికి ఆయన కాగితములు దుమ్ము కప్పి పడియుండెను. ఆ పండితుని కృషివలన ఓట్లే కీర్తి మరల వెలసెను. 1998లో మోన్స్ పట్టణమున ముండానియం తిరిగి తెరువబడినది.

నేడు కృత్రిమ మేధ మనుష్యుల ప్రశ్నలకు క్షణములో బదులు చెప్పుచున్నది. కాని అది తాను చదివినదాని జ్ఞాపకమునే నమ్ముకొన్నపుడు, లేనిదానిని ఉన్నట్లుగా చెప్పుటయు గలదు. ఈ లోపమును తగ్గించుటకు విద్వాంసులు రెండు ఉపాయములు పన్నిరి. ప్రశ్న రాగానే ముందుగా సంబంధించిన పత్రములను వెదకి తెచ్చి, వాని యాధారమున బదులు చెప్పించుట మొదటిది. మనుష్యులు, స్థలములు, సంఘటనలు మొదలగువానిని సంబంధసూత్రములతో ముడివేసిన జ్ఞానజాలమును తోడు చేయుట రెండవది. ఒక పుటలో గ్రంథకర్త పేరును, వేరొక పుటలో ఆతని జన్మస్థలమును ఉన్నపుడు, ఆ గ్రంథము వ్రాసినవాడు ఎచట పుట్టెనను ప్రశ్నకు ఈ ముడియే దారి చూపును. మొదటిది ఓట్లే సొరుగు. రెండవది ఆయన కార్డుపైనుంచిన రెండు చుక్కలు. ఐనను, కార్డు తప్పైనచో సమాధానమును తప్పగును. తెచ్చిన పత్రము మంచిదా, వేసిన ముడి సరియైనదా యని పరిశీలింపవలసిన బాధ్యత నాడును మనుష్యునిదే, నేడును మనుష్యునిదే.

ఓట్లే సమస్త విజ్ఞానమును ఒక్క భవనమున చేర్పదలచెను. ఒక్క తాళము ఆ భవనమును మూసివేసెను. ఊరూర నొక గ్రంథాలయము వెలసి, అందలి సూచిక చక్కగా వ్రాయబడి, చెప్పిన ప్రతి మాటకును ఆధారమైన పుటను చూపగలిగిననాడు ఆ మహాశయుని ఆశయము ఏ తాళమునకును లోబడక నిలుచును.