రైతు అప్పుల గుట్టు విప్పిన గాడ్గిల్

రైతుకు అప్పు ఇచ్చినవారే అతడి పంటను కొంటున్నంత కాలం గిట్టుబాటు ధర దక్కడం కష్టమని సర్వే లెక్కలతో దేశానికి తెలియజెప్పిన వారిలో ఆర్థికవేత్త ధనంజయరావు గాడ్గిల్ ముఖ్యులు. రాష్ట్రాలకు కేంద్ర సాయాన్ని పంపిణీ చేసేందుకు 1969లో ఆమోదం పొందిన గాడ్గిల్ సూత్రం వల్లనే ఆయన పేరు అందరికీ తెలిసినప్పటికీ, ఆయన జీవితంలో అధిక భాగం గ్రామీణ రుణాలు, మార్కెట్ల అధ్యయనంలోనే గడిచింది.

1901లో జన్మించిన గాడ్గిల్ కేంబ్రిడ్జిలో ఉన్నత విద్య అభ్యసించారు. 1930లో పుణెలో ఏర్పాటైన గోఖలే రాజనీతి, అర్థశాస్త్ర సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. మూడేళ్లకే పుణె నగరంలో పండ్ల మార్కెటింగ్‌పై సర్వే గ్రంథం వెలువడింది. తోట నుంచి వచ్చిన సరకు ఎందరి చేతులు మారి కొనుగోలుదారును చేరుతున్నదో మార్కెట్‌లోనే పరిశీలించి తెలుసుకోవాలన్నది ఆయన పద్ధతి.

అదే పద్ధతి 1951లో దేశవ్యాప్తమైంది. రిజర్వ్ బ్యాంకు నియమించిన గోర్వాలా సంఘంలో గాడ్గిల్‌తో పాటు తెలుగువాడైన బి. వెంకటప్పయ్య కూడా సభ్యులు. 75 జిల్లాలలోని 600 గ్రామాలలో 1,27,343 కుటుంబాల నుంచి వివరాలు సేకరించారు. 1954లో వెలువడిన నివేదిక పాలకులను కలవరపరిచింది. రైతుల అప్పులో వడ్డీ వ్యాపారుల వాటా 69.7 శాతం కాగా, వర్తకులు, కమిషన్ ఏజెంట్ల వాటా 5.5 శాతం. అర్ధ శతాబ్దంగా పనిచేస్తున్న సహకార సంఘాలు ఇచ్చింది కేవలం 3.1 శాతం. వర్తకుడి వద్ద అప్పు తెచ్చిన రైతు ధర పడిపోయే కోతల కాలంలోనే పంటను అతడికి తూచక తప్పదు. నిల్వకు గోదాము లేకపోవడం మరో బంధనం.

రుణం, గిడ్డంగి, మార్కెటింగ్, ప్రాసెసింగ్‌లను సహకార రంగంలో ఒకే గొలుసుగా కలపాలని సంఘం సిఫార్సు చేసింది. 1955లో స్టేట్ బ్యాంకు, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ ఏర్పడ్డాయి.

గాడ్గిల్ సిఫార్సులతోనే సరిపెట్టుకోలేదు. అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్) జిల్లాలోని లోణిలో రైతు నాయకుడు విఠల్‌రావు విఖే పాటిల్ చొరవతో వెలసిన ప్రవర సహకార చక్కెర మిల్లుకు తొలి అధ్యక్షులుగా వ్యవహరించారు. చెరకు రైతులే వాటాదారులైన ఈ మిల్లు 1950-51 సీజన్‌లో క్రషింగ్ ప్రారంభించి, మహారాష్ట్రలో పలు మిల్లులకు ఆదర్శమైంది. తరువాతి కాలంలో సహకార మిల్లులపై రాజకీయ నాయకుల పట్టు పెరిగిందన్న విమర్శలూ వచ్చాయి.

1967లో ప్రణాళికా సంఘం ఉపాధ్యక్ష పదవి చేపట్టిన గాడ్గిల్ 1971లో వైదొలగి, పుణెకు తిరిగి వెళుతూ మే 3న రైలులోనే కన్నుమూశారు.

2015లో నీతి ఆయోగ్ రాకతో ప్రణాళికా సంఘం చరిత్రలో కలిసిపోయింది. పత్రాలు లేక బ్యాంకు అప్పు పుట్టని కౌలు రైతు వర్తకుడి వద్దే అప్పు తెచ్చి, అతడికే పంట తూచే చోట మాత్రం గాడ్గిల్ లేవనెత్తిన ప్రశ్న నేటికీ సజీవంగానే ఉంది.