ఓటు హక్కు కోసం నిలబడిన షేర్-ఎ-పంజాబ్ మనవరాలు



మహారాజా రంజీత్ సింగ్ పేరు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆయన మనవరాలు బీబీ సోఫియా దలీప్ సింగ్ గురించి విన్నవారు తక్కువ.

1849లో ఆంగ్లేయులు పంజాబ్‌ను ఆక్రమించేనాటికి మహారాజా దలీప్ సింగ్‌కు పదేళ్ళు. రాజ్యాన్నీ కోహినూర్ వజ్రాన్నీ తీసుకుని, కొన్నేళ్ళకు ఆయన్ను ఇంగ్లండ్ చేర్చారు. బీబీ సోఫియా 1876లో అక్కడే పుట్టారు, క్రైస్తవ పద్ధతిలో పెరిగారు. విక్టోరియా రాణి ఆమెకు ధర్మమాత. రాజుగారి హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్ ఆవరణలో ఉచితంగా ఇల్లు ఇచ్చారు. ఆమెకు ఏ లోటూ లేదు.

అయినా 1909లో ఆమె ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ నడిపే స్త్రీల ఓటు హక్కు సంఘంలో చేరారు. అప్పటికి బ్రిటన్‌లో పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటు లేదు. 1910 నవంబరు 18న సుమారు 300 మంది స్త్రీలు పార్లమెంటుకు వెళ్ళారు. ముందు వరుసలో పాంక్‌హర్స్ట్‌తో పాటు బీబీ సోఫియా ఉన్నారు. పోలీసులు గంటల తరబడి ఆడవాళ్ళను కొట్టారు, ఈడ్చి పడేశారు. ఒక పోలీసు ఒక స్త్రీని హింసిస్తుంటే ఆమె అడ్డుపడి, అతని నంబరు గుర్తుపెట్టుకుని ఫిర్యాదు చేశారు.

ఓటు ఇవ్వని ప్రభుత్వానికి పన్ను కట్టేది లేదని తర్వాత ఆమె తీర్మానించుకున్నారు. పెంపుడు కుక్కలకు, బండికి, నౌకరుకు కట్టవలసిన లైసెన్సు రుసుము కట్టలేదు. 1911లో కోర్టు జరిమానా వేసింది. అదీ కట్టలేదు. అధికారులు ఏడు వజ్రాల ఉంగరం జప్తు చేసి వేలం వేశారు. తోటి ఉద్యమకారిణి ఒకరు దాన్ని కొని ఆమెకే తిరిగి ఇచ్చారు. 1913లో మళ్ళీ పన్ను ఆపారు. ఈసారి 131 ముత్యాల హారం, బంగారు గాజు వేలానికి పోయాయి. ఆ ఏడాదే తానుండే ప్యాలెస్ గేటు ముందు నిలబడి ఉద్యమ పత్రిక అమ్మారు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారత సైనికులకు సేవ చేశారు.

1918లో బ్రిటన్‌లో 30 ఏళ్ళు నిండిన కొందరు స్త్రీలకు ఓటు వచ్చింది. పురుషులతో సమానంగా 21 ఏళ్ళకే ఓటు 1928లో వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే, 1925 గురుద్వారా చట్టంతో, పంజాబ్‌లో సిక్కు స్త్రీలు గురుద్వారా ఎన్నికల్లో ఓటు హక్కు పొందారు.

1948 ఆగస్టు 22న ఆమె కన్నుమూశారు. కోరిక ప్రకారం సిక్కు మర్యాదలో దహనం జరిగింది.

సంగత్ జీ, ఊళ్ళు మారుతూ బతికిన మన కుటుంబాల్లో ఓటరు జాబితాకు ఎక్కని బీబీలు ఇప్పటికీ ఉండవచ్చు. 18 ఏళ్ళు నిండిన కూతురు, కోడలు పేరు ఉందో లేదో చూడండి. లేకపోతే ఫారం 6 నింపించండి. అందరూ తన మాట వినే చోట పుట్టిన బీబీ, మాట లేని స్త్రీల కోసం నగలు పోగొట్టుకున్నారు. ఇవాళ మన ఆడపిల్లకు ఆ మాట కోసం ఒక్క కాగితం నింపితే చాలు.